సెక్యూరిటీ పేరుతో ఆగిపోయిన 73,200 రూపాయలు: విజయవాడలో ఒక ఫ్లోరింగ్ ఫిట్టర్ కేసు

నేను విజయవాడలో లాయర్‌ని. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం లక్ష లోపు బాకీలు. పని చేసి డబ్బు రాని మేస్త్రీలు, పెయింటర్లు, ఏసీ మెకానిక్‌లు వస్తుంటారు. ఈ కేసుని రాసి పెట్టడానికి కారణం ఉంది. ఇందులో నేను మొదట వెళ్లిన దారి తప్పు. సరైన దారి దొరికింది చట్టం పుస్తకంలో కాదు, బ్యాంకు మెసేజ్‌లో కనిపించిన 160 రూపాయల తేడాలో. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఫిట్టర్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

నేపథ్యం

ఫిట్టర్‌కి నలభై దాటాయి. మొదట్లో కార్పెంటర్, తర్వాత వుడెన్ ఫ్లోరింగ్‌లోకి వచ్చాడు. లామినేట్ బోర్డులు, ఎస్‌పీసీ (రాతి పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే బోర్డులు), గోడ అంచున వేసే స్కర్టింగ్ పట్టీలు అన్నీ వేస్తాడు. కటింగ్ మెషిన్లు, బండి సొంతవే. హెల్పర్‌గా బామ్మర్ది వెంట ఉంటాడు. 2022 జూన్ నుంచి నగరంలోని ఒక షోరూమ్‌కి పని చేస్తున్నాడు. షోరూమ్ కస్టమర్‌కి ఫిట్టింగ్‌తో కలిపి రేటు చెప్పి, డబ్బు తీసుకుని, ఇతన్ని పంపుతుంది. ఇతనికి చదరపు అడుగుకి 16 రూపాయలు. నెలలో పది, పన్నెండు రోజులు ఆ షోరూమ్ పని, మిగతా రోజులు వేరే షాపుల పని.

చేరేటప్పుడే ఓనర్ చెప్పాడట. ప్రతి బిల్లులో పది శాతం సెక్యూరిటీగా ఆపుతాం, ఆరు నెలల్లో కంప్లయింట్ రాకపోతే ఇచ్చేస్తాం అని. కాగితం ఏమీ లేదు.

ఇలా డబ్బు ఆపడమే తప్పని నేను అనను. బోర్డు ఉబ్బినా, జాయింట్ విడిపోయినా కస్టమర్ ఫోన్ చేసేది షోరూమ్‌కే. అప్పటికి ఫిట్టర్ నంబర్ మారిపోయిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. ప్రభుత్వ కాంట్రాక్టుల్లోనూ బిల్లు నుంచి కొంత ఆపుతారు. కాకపోతే అక్కడ ఎంత ఆపాలో, ఎన్నాళ్లు ఆపాలో, ఏ లోపానికి కోత పెట్టాలో అగ్రిమెంట్‌లో రాసి ఉంటుంది. ఇక్కడ తేదీ లేదు, కారణం లేదు, ఎంత ఆపారో చెప్పే రసీదూ లేదు.

ఆ పది శాతం ఎంత బరువో ఫిట్టర్ భార్య చెప్పేదాకా నాకూ తెలియలేదు. 16 రూపాయల్లో 6 హెల్పర్‌కి పోతాయి. పెట్రోలు, బ్లేడ్లు, ఆటో కిరాయి కలిపి ఇంకో 2. ఇంటికి వచ్చేది 8. షోరూమ్ ఆపేది మాత్రం 16 మీద పది శాతం, అంటే రూపాయి అరవై పైసలు. హెల్పర్ కూలి ఆపడానికి లేదు, పెట్రోలు బంకు ఆగదు. కాబట్టి ఆ రూపాయి అరవై పూర్తిగా ఈ 8 లోంచే పోతుంది. పైకి పదో వంతు, ఇంట్లో ఐదో వంతు. పెద్దమ్మాయి కాలేజీ ఫీజు కోసం వీళ్లు మూడు రూపాయల వడ్డీకి 40,000 అప్పు తెచ్చారు. నెలకి 1,200 వడ్డీ కడుతూ వచ్చారు. ఆ అప్పుకి దాదాపు రెట్టింపు సొమ్ము షోరూమ్ దగ్గర వడ్డీ లేకుండా ఉండిపోయింది.

సమస్య

2024 డిసెంబరు రెండో వారంలో నా దగ్గరికి వచ్చాడు. అతని లెక్క ప్రకారం రావాల్సింది 74,800. మొత్తం రెండున్నరేళ్లలో ఒక్కసారి, 2024 సంక్రాంతికి ముందు, 14,000 ఇచ్చారు. అక్టోబరు తర్వాత పని ఇవ్వడం మానేశారు. డబ్బు అడిగితే "చూద్దాంలే" అన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

అప్పుడు నేను అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది. "వాళ్లు ఇవ్వకపోవడానికి ఏం కారణం చెబుతున్నారు?" ఆ ప్రశ్న నేను అడగలేదు. అతనూ సిగ్గుపడి చెప్పలేదు. కథ సూటిగా ఉంది, మనిషి కష్టం కళ్లకి కనిపిస్తోంది, లీగల్ నోటీసు పంపేద్దాం అనుకున్నాను.

చేసినవి, కుదరనివి

పదిహేను రోజుల్లో మొత్తం సొమ్ము 24 శాతం వడ్డీతో చెల్లించాలని నోటీసు ఇచ్చాను. వడ్డీ గురించి వాళ్ల మధ్య ఏ మాటా లేదు. నోటీసులో అలవాటుగా రాసే అంకె అది. రాయకుండా ఉండాల్సింది. సంక్రాంతి అయ్యాక జవాబు వచ్చింది. వరద నీళ్లు నిలిచిన కాలనీలో ఒక ఇంట్లో ఇతను వేసిన ఫ్లోరింగ్ మొత్తం ఉబ్బిపోయిందని, బోర్డులు మార్చడానికి 61,000 ఖర్చయిందని, షోరూమ్ పేరు పోయినందుకు ఇంకో 50,000 ఇతనే కట్టాలని అందులో ఉంది. ఆ ఇంటి సంగతి నేను వినడం అదే మొదలు.

దాంతోపాటు ఇంకో నష్టం జరిగింది. నోటీసు వెళ్లిన వారంలోనే మరో రెండు షాపులు ఇతన్ని పిలవడం మానేశాయి. "ఇతను లాయర్ నోటీసులు ఇస్తాడంట" అనే మాట బజారులో పాకింది. చిన్న వ్యాపారాలున్న చోట ఒక నోటీసు ఎంత దూరం వెళ్తుందో నేను ముందే ఊహించి ఉండాల్సింది.

తర్వాత లేబర్ ఆఫీసు గురించి ఆలోచించాం. అప్పటికి అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో జీతం నుంచి ఏ కోతలు పెట్టవచ్చో లెక్కగా ఉన్నాయి. ఇలాంటి కోత అక్కడ నిలవదు. కానీ ఆ చట్టం ఉద్యోగికి. ఇతను మెషిన్లు తనవే తెచ్చుకుంటాడు, హెల్పర్‌ని తనే పెట్టుకుంటాడు, అడుగు లెక్కన తీసుకుంటాడు, వేరే షాపులకీ వెళ్తాడు. లేబర్ ఆఫీసులో అధికారి ఓపిగ్గా విని ఇదే చెప్పారు. గట్టిగా వాదిస్తే ఉద్యోగి అని నిలబెట్టగలమేమో అని ఒక రోజంతా ఆలోచించాను. వద్దనుకున్నాను. అక్కడ ఉద్యోగినని ప్రమాణం చేసి, ఓడిపోయాక సివిల్ కోర్టులో కాంట్రాక్టర్‌ని అంటే, మొదటి వాయిదాలోనే అతని మాట విలువ పోతుంది.

ఎంఎస్‌ఎంఈ, అంటే సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం దారి చాలామందికి మొదట తోచేది. 2006 నాటి చట్టం ప్రకారం చిన్న సంస్థలకి గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. లేదంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. దీనికోసం అప్పట్లో సమాధాన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టే వీలుంది. కానీ ఇతనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వ నమోదు లేదు. పని అయిపోయాక రిజిస్టర్ చేసుకుంటే పాత బిల్లులకి ఆ రక్షణ రాదని సుప్రీంకోర్టు 2021లోనూ, 2022లోనూ తేల్చి చెప్పింది. ఈ ఒక్క కారణంతో ఆ తలుపు మూసుకుపోయింది. రిజిస్ట్రేషన్‌కి పైసా ఖర్చు లేదు, ఆధార్, పాన్ ఉంటే సరిపోతుంది. మూడేళ్ల కిందట ఎవరైనా అరగంట కూర్చోబెట్టి చేయించి ఉంటే ఈ కేసు వేరేలా నడిచేది. ఆ బాధతోనే అదే రోజు సాయంత్రం నా ఆఫీసులో రిజిస్టర్ చేయించాను, ఇక ముందు పనుల కోసం.

బంధువులు పోలీసు కేసు పెట్టమని పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించే ఆధారం మన దగ్గర లేదు. ఒకసారి 14,000 ఇచ్చారు కూడా. ఇది బాకీ తగాదా. స్టేషన్‌లో కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఎంతో కొంత రావచ్చు. కానీ అవతలివాళ్లు కూడా 61,000 నష్టమని ఎదురు ఫిర్యాదు ఇస్తే ఫిట్టర్ ఏ పనీ లేకుండా స్టేషన్ చుట్టూ తిరగాలి.

160 రూపాయలు

జనవరి చివర్లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి చట్టం పక్కన పెట్టి లెక్క పట్టుకున్నాను.

ఆధారమంటే ఫిట్టర్ నోటుబుక్కు ఒక్కటే. అట్ట ఊడిపోయిన పొడుగు పుస్తకం. ప్రతి సైటుకి ఒక వరుస: తేదీ, ఏరియా పేరు, అడుగులు, స్కర్టింగ్ ఉందా లేదా. డబ్బు పడ్డాక టిక్కు. కొన్నిచోట్ల జిగురు మరకలు. మొత్తం 62 సైట్లు. బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించి, వరుసకి వరుస పక్కన పెట్టుకుంటూ వెళ్లాం. వెయ్యి అడుగుల సైటు ఒకటి రెండు పేజీల్లో రెండుసార్లు రాసి ఉంది. అతనే చూసి కొట్టేశాడు. 61 సైట్లు, 54,500 అడుగులు, 8,72,000 రూపాయల పని. పది శాతం 87,200. ఇచ్చిన 14,000 పోతే 73,200. మన లెక్కలో తప్పుని మనమే పట్టుకోవడం తర్వాత చాలా పనికొచ్చింది.

అదే వెయ్యి అడుగుల సైటు దగ్గర ఆగాను. 16,000 పని. పది శాతం తీసేస్తే 14,400 పడాలి. ఖాతాలో పడింది 14,240.

"ఈ 160 ఏంటి?"

"ఆఫీసు ఖర్చులంట మేడమ్. ప్రతి బిల్లులోనూ అంతే."

ఇంకో బిల్లు చూశాను. మళ్లీ సరిగ్గా ఒక శాతం. అప్పుడు వెలిగింది. "చేరేటప్పుడు నీ పాన్ కార్డు జిరాక్స్ తీసుకున్నారా?" తీసుకున్నారు.

అది టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను. కాంట్రాక్టు పనికి వ్యక్తికి చెల్లించేటప్పుడు, అప్పటికి అమల్లో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 194సీ కింద ఒక శాతం పట్టి, ఆ మనిషి పాన్ మీద జమ చేయాలి. ఎంత మొత్తం మీద పట్టారన్నది అతని ఫారం 26ఏఎస్‌లో, అంటే పన్ను శాఖ అతని పాన్ మీద ఉంచే పట్టికలో కనిపిస్తుంది. ఆధార్ ఓటీపీతో ఆదాయపు పన్ను పోర్టల్‌లో అకౌంట్ తెరిచి చూశాం. మూడు ఆర్థిక సంవత్సరాలకీ షోరూమ్ పేరు మీద 2,90,000, 3,74,000, 2,08,000. కూడితే 8,72,000. ఫిట్టర్ స్క్రీన్ వైపు, నోటుబుక్కు వైపు చాలాసేపు మార్చి మార్చి చూశాడు. తన రాతకి సాక్ష్యం ఇంకెక్కడో ఉందని అతను ఎప్పుడూ అనుకోలేదు.

షోరూమ్ పది శాతం ఆపింది కానీ టీడీఎస్ పూర్తి మొత్తం మీద కట్టింది. అంటే వాళ్ల పుస్తకాల్లో 8,72,000 ఖర్చుగా రాసుకున్నారు. ఇవ్వని సొమ్ము ఇతని పేరున బాకీగా నిలిచి ఉండాలి. టీడీఎస్ ఎంట్రీ ఒక్కటే బాకీని రుజువు చేసేస్తుందని ప్రతి కోర్టూ అనదు. అయినా నోటుబుక్కు, బ్యాంకు స్టేట్‌మెంట్, 26ఏఎస్ మూడూ రూపాయి తేడా లేకుండా కలిస్తే ఎదుటివాళ్లు లెక్క మీద వాదించలేరు.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఖర్చుగా చూపించిన బాకీని ఇక ఇవ్వక్కర్లేదని తేల్చుకుంటే, అదే 1961 ఆదాయపు పన్ను చట్టం 41(1) ప్రకారం దాన్ని మళ్లీ ఆదాయంగా చూపాలి. నా జూనియర్ "ఇన్‌కమ్ టాక్స్‌కి రాస్తామని చెబుదాం" అంది. వద్దన్నాను. పన్ను శాఖ పేరు చెప్పి బెదిరించి డబ్బు అడగడం తప్పు, పైగా అలాంటి బెదిరింపు రాసిన కాగితం మన మీదికే తిరుగుతుంది. బదులుగా షోరూమ్ అకౌంటెంట్‌కి మామూలు ఉత్తరం రాశాం, ఈ పాన్ మీద మీ లెడ్జర్ (ఇతని పేరున ఉన్న ఖాతా లెక్క) కాపీ కావాలని. ఫిట్టర్ స్వయంగా వెళ్లి ఇచ్చాడు. ఆరో రోజున మెయిల్‌లో లెడ్జర్ వచ్చింది. చివరి వరుసలో ఇతనికి ఇవ్వాల్సినది 73,200. ఓనర్ తరఫున వచ్చిన జవాబు నోటీసులో ఏముందో బహుశా ఆ అకౌంటెంట్‌కి తెలియదు.

చెమ్మ ఉన్న నేల

లెక్క తేలింది. మిగిలింది ఆ ఉబ్బిన ఫ్లోరింగ్. దీని మీద ఫిట్టర్‌ని మెల్లగా కూర్చోబెట్టి అడిగాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకి మునిగిన కాలనీల్లో ఆ ఇల్లు ఒకటి. గ్రౌండ్ ఫ్లోర్‌లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అక్టోబరు మధ్యలో, దీపావళిలోగా దిగాలని ఇంటివాళ్ల తొందర. నేల పైకి ఆరినట్టే కనిపించింది. ఫిట్టర్ అనుమానంతో సాయంత్రం రెండు గదుల్లో అడుగున్నర పాలిథిన్ ముక్కలు పరిచి నాలుగు వైపులా టేపు వేశాడు. పొద్దున్న చూస్తే కవరు లోపలి వైపు చిన్న చిన్న బొట్లు, కింద నేల నల్లగా. ఫొటో తీసి షోరూమ్ సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో పంపాడు, వాయిస్ మెసేజ్‌తో: "ఇంకా చెమ్మ ఉంది తమ్ముడూ, ఇప్పుడు వేస్తే లేస్తుంది." సూపర్‌వైజర్ జవాబు కూడా వాయిస్‌లోనే ఉంది: "కింద ఫోమ్ వేస్తాం కదన్నా, ఏం కాదు. కస్టమర్ ఆగట్లేదు, వేసేయ్."

లామినేట్ బోర్డు లోపలిది నొక్కిన చెక్క పీచు. చెమ్మ తగిలితే అంచులు ఉబ్బుతాయి. నవంబరు రెండో వారానికి ఆ పనే జరిగింది.

ఆ మెసేజ్‌లు పాత ఫోన్‌లో ఉన్నాయి. స్క్రీన్ పగిలిందని దాన్ని మార్చేసే ఆలోచనలో ఉన్నాడు. మార్చవద్దన్నాను. ఎలక్ట్రానిక్ ఆధారానికి కోర్టులో భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అసలు ఫోన్ చేతిలో ఉంటే ఆ పని సులువు.

కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం నష్టం అడిగేవాడు ఆ నష్టం ఎదుటివాడి తప్పు వల్లే వచ్చిందని చూపాలి. నేల తడిగా ఉందని చెప్పాక కూడా వేయమన్నది వాళ్ల మనిషే. మన వైపు బలంగానే ఉంది. అప్పుడు ఫిట్టర్ ఒక మాట అన్నాడు. "నాదీ కొంత ఉంది మేడమ్. హాల్ నుంచి బెడ్‌రూమ్‌లోకి ఒకటే వరుసగా లాగేశాను. తలుపు దగ్గర ప్రొఫైల్ పట్టీ పెట్టి, దాని కింద బోర్డుల మధ్య గ్యాప్ వదలాల్సింది." ఆ నిజాయితీ వల్లే ఎంత తగ్గవచ్చో మాకు ముందే తెలిసింది.

ఏది పనిచేసింది

దావా వేస్తే గెలుస్తామనే నమ్మకం ఉంది. కానీ ఎన్నేళ్లకు? లిమిటేషన్ (దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువు) టెన్షన్ కూడా ఉంది. ఆరు నెలల తర్వాత ఇస్తామన్న నోటిమాట రుజువు చేయలేకపోతే, మూడేళ్ల గడువు ఏ సైటుకి ఆ సైటు పని పూర్తయిన రోజు నుంచే మొదలవుతుంది. 2022 జూన్ సైట్లకి 2025 జూన్‌తో గడువు అయిపోతుంది. అందుకే దావా కాగితాలు సిద్ధం చేసి పెట్టుకుని, ముందు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా కేసు వేయకముందే రాజీకి లోక్ అదాలత్‌లో పెట్టాం. కోర్టు ఫీజు లేదు. అక్కడ రాసుకున్న రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. షోరూమ్‌కీ ఇది కలిసొచ్చేదే: బజారులో గొడవ ఉండదు.

మార్చిలో జరిగిన లోక్ అదాలత్‌కి ఓనర్ వచ్చాడు. 61,000 బిల్లు బయటికి తీశాడు. మేం ముందు లెడ్జర్ పెట్టాం, తర్వాత పాలిథిన్ ఫొటో, ఆ తర్వాత వాయిస్ మెసేజ్ వినిపించాం. బెంచ్ మీద ఉన్న జడ్జి గారు ఒకే ప్రశ్న వేశారు: "నేల తడిగా ఉందని మీకు ఎవరూ చెప్పలేదా?" ఓనర్ కాసేపు మాట్లాడలేదు. చెప్పలేదన్నాడు. అతను నిజమే చెప్పాడని నాకనిపించింది. సూపర్‌వైజర్ తన దగ్గరే ఆపేసి ఉంటాడు.

62,000కి ఒప్పందం కుదిరింది. అదే రోజు 22,000, తర్వాత రెండు నెలలూ 20,000 చొప్పున. 11,200 వదులుకున్నాం. దాన్ని తలుపు దగ్గర వదలని గ్యాప్‌కి సరిపెట్టుకుందామని ఫిట్టరే అన్నాడు. చివరి విడత పదకొండు రోజులు ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది.

అనుకోని లాభం ఇంకొకటి. పన్ను పరిధిలోకి రాని ఆదాయం కాబట్టి కట్టిన టీడీఎస్ వెనక్కి వస్తుంది. నడుస్తున్న సంవత్సరానికి రిటర్న్ వేయించాం. అంతకు ముందు రెండేళ్లకి గడువు దాటిపోయింది. 2023-24దైనా డిసెంబరులో అతను వచ్చినప్పుడే చూసి ఉంటే దొరికేది. నేను జనవరి చివర్లో గానీ 26ఏఎస్ తెరవలేదు.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

బాకీ కేసు వస్తే నోటీసు రాసే ముందు, అవతలివాళ్లు చెప్పే కారణం అడుగుతున్నాను. క్లయింట్ చెప్పకపోతే తప్పు ఎక్కడ జరిగిందో మీరే చెప్పండి అని విడిగా అడుగుతున్నాను. పాన్ కార్డు ఉందంటే మొదటి రోజే 26ఏఎస్ చూస్తున్నాను. నోటీసుకి ముందు లెడ్జర్ కాపీ అడిగిస్తున్నాను, ఎందుకంటే గొడవ మొదలయ్యాక అది రాదు.

సెక్యూరిటీ వద్దని ఫిట్టర్లకి చెప్పడం లేదు, చెప్పినా షాపులు ఒప్పుకోవు. ఒక పేజీ కాగితం తయారు చేశాం. ఆపేది ఐదు శాతం మించకూడదు. పని అప్పగించిన 60 రోజులకి ఏ సైటుది ఆ సైటుకి విడుదల చేయాలి. లోపం ఉంటే ఆ 60 రోజుల్లోగా రాతలో చెప్పి, సరిచేసే అవకాశం ముందు ఫిట్టర్‌కే ఇవ్వాలి. ఒక సైటు గొడవకి ఇంకో సైటు డబ్బు ఆపకూడదు. అన్నిటికన్నా ఈ చివరి మాటే నాకు ముఖ్యం. 60 సైట్లు బాగా చేసిన మనిషి డబ్బంతా ఒక్క ఇంటి పేరు చెప్పి ఆపగలిగారంటే ఈ మాట లేకపోవడం వల్లే. కాగితం కింద నేల చెమ్మ గురించి ఒక వరుస ఉంటుంది: పాలిథిన్ పరీక్ష చేసిన తేదీ, ఫలితం, అయినా వేయమన్నవారి సంతకం.

ఫిట్టర్ ఆ పాత షోరూమ్‌కి మళ్లీ వెళ్లలేదు. గొల్లపూడి వైపు ఒక షాపు కాగితం మీద సంతకం పెట్టింది, ఇప్పటికి రెండుసార్లు 60 రోజులకి డబ్బు ఇచ్చింది కూడా. ఇంకో షాపు సంతకం పెట్టనంది. అక్కడ పని మానలేడు, నెలకి రెండు సైట్లు వస్తాయి. అక్కడ ఆగిన మొత్తం 3,520 అయింది. కొత్త నోటుబుక్కులో దానికి వేరే పేజీ పెట్టుకున్నాడు. ప్రతి వరుస చివర మూడేళ్లు ఎప్పుడు నిండుతాయో తేదీ రాసుకుంటున్నాడు.